యంత్రం పలికిన హిందోళం

పది రాగాలు... మూడు యంత్రాలు... ఒకే ఒక్క మనిషి! విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోని ఓ రికార్డుని ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ప్రపంచం చెవులు రిక్కించి వింది. హార్మోనియం పద్యాలకు అలవాటుపడ్డ పల్నాటి చెవికైతే అందులో సగం తెలిసిన సంగతే.

సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయాడన్న కబురు రాముడు విన్నది ఈ కొండ మీదేనట. అందుకే దీనికి వినుకొండ అని పేరొచ్చిందంటుంది స్థలపురాణం. మహాకవి గుర్రం జాషువా 1895లో పుట్టింది ఇక్కడే. ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనుకు ప్రాణం పోశాయి. నటుడు రాగం అందుకోగానే పక్కన హార్మోనియం మోగాల్సిందే!

నిజానికి హార్మోనియం మనది కాదు, ఐరోపా నుంచి వచ్చింది. దాని మెట్ల మీద గమకాలు పలకవంటూ 1940లో ఆకాశవాణి నిషేధించింది. ఆంక్షలు సడలడానికి 1971 దాకా పట్టింది. నాటకాలవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు, జనమూ కాదనలేదు. సింథసైజర్‌ది కూడా అదే కథ. కరెంటుతో స్వరాలు పుట్టించే ఆ పెట్టె మీద శాస్త్రీయ రాగాలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. చరణ్‌జిత్ సింగ్‌కి అలా అనిపించలేదు.

డిస్కో తాళం... రాగాల మేళం

ముంబయి సినీ స్టూడియోల్లో గిటారిస్టు ఆయన. శంకర్-జైకిషన్, ఆర్డీ బర్మన్ లాంటి సంగీత దర్శకుల దగ్గర వాయించారు. 1980ల మొదట్లో హిందీ సినిమాను డిస్కో ఊపేస్తోంది. ఆ తాళానికే మన రాగాలు జోడిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చిందాయనకు. రోలాండ్ కంపెనీవి మూడు కొత్త యంత్రాలు తెచ్చుకున్నారు. టీఆర్-808 తాళం వేస్తుంది. టీబీ-303 కింది స్థాయిలో స్వరాలను తిప్పితిప్పి పలుకుతుంది. జూపిటర్-8 కీబోర్డు మీద ఆయన రాగం వాయిస్తారు. అలా 1982లో తయారైంది 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. హెచ్‌ఎంవీ విడుదల చేసింది. ఒక్కోటీ దాదాపు అయిదు నిమిషాలుండే పది రాగాలు. తబలా లేదు, సితార్ అసలే లేదు. జనం కొనలేదు!

మొదటిసారి వినేవాళ్ళకు అదేదో వీడియోగేమ్ చప్పుడులా ఉంటుంది. తాళం మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగం. రెండు నిమిషాలు ఓపికపడితే అసలు సంగతి తెలుస్తుంది. కింద తిరిగే స్వరాలు తంబురా శ్రుతిలా వెనక్కి తగ్గుతాయి. పైన రాగం ఒక్కో మెట్టూ విప్పుకుంటూ వస్తుంది. టీబీ-303కి ఒక స్వరం నుంచి మరోదానికి జారే గుణం ఉంది. హార్మోనియానికి లేనిది అదే! విద్వాంసుడి గమకానికి అది సాటి రాకపోవచ్చు. కానీ రాగం మొహం మాత్రం చెక్కుచెదరదు. మీట నొక్కేది యంత్రమైనా ఏ స్వరం తర్వాత ఏది రావాలో, ఎక్కడ ఆగాలో మనిషే కదా నిర్ణయించేది.

షికాగో కంటే ముందే!

టీబీ-303 గిటారిస్టుల పక్కన బేస్ వాయించడానికి చేసిన పరికరం. అమ్ముడుపోక 1984లో తయారీ ఆపేశారు. పాత సామాన్ల ధరకు దొరికిన ఆ పెట్టెతోనే షికాగో కుర్రాళ్ళు 1987లో 'యాసిడ్ ట్రాక్స్' చేశారు. యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం దాంతోనే ఊపందుకుంది. 2002లో నెదర్లాండ్స్‌కి చెందిన ఎడో బౌమన్ ఢిల్లీలో చరణ్‌జిత్ రికార్డు చూసి కొన్నాడు. విని అవాక్కయ్యాడు. అదే ధ్వని... అయిదేళ్ళ ముందే! 2010లో దాన్ని మళ్ళీ విడుదల చేశాడు. ఇది విని షికాగోవాళ్ళు నేర్చుకున్నారనడానికి ఆధారాల్లేవు. వాళ్ళ దారి వాళ్ళది, ఈయన దారి ఈయనది. డెబ్భై దాటిన వయసులో చరణ్‌జిత్ ఐరోపా వేదికలెక్కి ఆ రాగాలే వాయించారు. కుర్రకారు చిందులేసింది. 2015 జులైలో ఆయన కన్నుమూశారు.

మన పేర్లతో వినండి!

రికార్డు మీద ఉన్నవి హిందుస్థానీ పేర్లు. వాటిలో కొన్ని మనకు బాగా తెలిసినవే...

భూపాలీ: మన మోహన. 'మాయాబజార్' నౌకావిహారం పాట గుర్తుచేసుకుని వినండి.

మాల్కౌంస్: మన హిందోళం. 'పూజాఫలం'లో ఎస్.జానకి పాడిన 'పగలే వెన్నెల' రాగం.

యమన్: మన కల్యాణికి దగ్గర.

తోడి: పేరు చూసి పొరబడొద్దు. ఇది మన శుభపంతువరాళి!

బైరాగి: మన రేవతి. అన్నమయ్య 'నానాటి బతుకు' ఎక్కువగా పాడేది ఇందులోనే.

ముందు హిందోళంతో మొదలుపెట్టండి. తెలిసిన పాట మనసులో ఉంటే యంత్రం చప్పుడు అడ్డురాదు. 'పగలే వెన్నెల'కు బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావు కుమారుడే కోటి. రాజ్‌తో కలిసి 1980ల చివర్లో తెలుగు సినిమా పాటను కీబోర్డుల బాట పట్టించింది ఆయనే. అప్పట్లో ఆ జంట దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాళ్ళలో ఒకరి పేరు... ఏఆర్ రెహమాన్!