లీగ్ టైటిల్ ఒక్కటే.. యూరోపియన్ కప్‌లు మాత్రం రెండు! ఏ క్లబ్‌దో తెలుసా?

సొంత దేశంలో లీగ్ టైటిళ్ల కంటే యూరోపియన్ కప్‌లే ఎక్కువ గెలిచిన క్లబ్ ఒక్కటే ఉంది.. ఇంగ్లండ్‌కు చెందిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్. యూరోపియన్ కప్ అంటే ఇప్పటి ఛాంపియన్స్ లీగే.

1977లో సెకండ్ డివిజన్‌లో మూడో స్థానంతో ఎలాగోలా పైకొచ్చిన ఈ జట్టు, మేనేజర్ బ్రియాన్ క్లఫ్ హయాంలో ఏడాది తిరిగేసరికి లీగ్ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత 1979 ఫైనల్‌లో మాల్మోను, 1980లో హాంబర్గ్‌ను ఓడించింది. రెండూ 1-0తోనే!

అప్పట్లో లీగ్‌లో వరుసగా 42 మ్యాచ్‌ల్లో ఓటమే లేదు. పాతికేళ్లు నిలిచిన ఈ రికార్డును 2004లో ఆర్సెనల్ బద్దలు కొట్టింది. మరుసటి ఏడాదే ఫారెస్ట్ మూడో అంచె లీగ్‌కు పడిపోయింది. యూరోపియన్ కప్ గెలిచిన జట్టుకు ఆ గతి పట్టడం అదే తొలిసారి. 1999లో చేజారిన ప్రీమియర్ లీగ్ బెర్తు మళ్లీ దక్కింది 2022లోనే.