'టు' రూపమును 'ఇంగ్' రూపమును

ఒక విద్యార్థి వసతిగృహపు రుసుము తగ్గింప వేడుచు ఆంగ్లమున వ్రాసిన మనవిని, పంపుటకు ముందు దిద్దుడని మా చేతికిచ్చెను. అందు "మై ఫాదర్ హాజ్ స్టాప్డ్ టు డ్రింక్" అని యుండెను. తండ్రి కల్లు మానెనని యా బాలుని తాత్పర్యము. వ్రాసినదో, తండ్రి త్రాగుటకై దారిలో ఆగెనని! "స్టాప్డ్ డ్రింకింగ్" అనవలసినది. నవ్వి విడువదగిన తప్పు గాదు. తండ్రి పరువు నిలుపబోయి, పాపము, పోగొట్టుచుండెను.

ఇట్టి తప్పులకు మన తెలుగే మూలమని కొందరందురు. మేమట్లు తలంపము. ధవళేశ్వరము లాకుల కడ పడవవాడు చుట్ట కాల్చుట మానెనన్న, అతడిక చుట్ట ముట్టడు. చుట్ట కాల్చుటకు ఆగెనన్న, ఇప్పుడే పొగ లేచును. ఈ భేదము మన పిల్లలందరెరిగినదే. ఆంగ్లేయులకో, మానుటకును ఆగుటకును 'స్టాప్' ఒక్కటే. కనుక భారమంతయు తరువాతి క్రియారూపముపై బడినది. ఇన్ఫినిటివ్ అనబడు 'టు' రూపము తరచుగా ముందు జరుగవలసిన పనిని, జెరండ్ అనబడు 'ఇంగ్' రూపము జరుగుచున్న లేక జరిగిన పనిని తెలుపును. "రిమెంబర్ టు పోస్ట్ ది లెటర్" అన్న, జాబు వేయ మరువకుమని. "ఐ రిమెంబర్ పోస్టింగ్ ది లెటర్" అన్న, వేసినట్లు జ్ఞాపకమున్నదని.

'హోప్', 'డిసైడ్', 'ప్రామిస్' అను క్రియల వెంట 'టు' రూపమును, 'ఫినిష్', 'ఎంజాయ్' అను వాని వెంట 'ఇంగ్' రూపమును వచ్చుట యీ దారినే. 'బిగిన్' రెంటిని సమముగా నాదరించును. 'సజెస్ట్' మాత్రము ముందు జరుగవలసిన పనినే చెప్పుచు 'ఇంగ్' రూపమును కోరును. ఇచట యుక్తి పనికిరాదు, కంఠస్థమే శరణ్యము. కొంతకాలము రాజమహేంద్రవరమున నుద్యోగించిన బ్రౌను దొర, మన క్రియలను తనవారికి తెలుపుటకు 1840లో ఒక వ్యాకరణమునే ప్రకటింపవలసివచ్చెను. మన పిల్లలు పది క్రియలు వల్లించుట యెక్కువ కాదు.

ఆ మనవి చివర మరియొక చిక్కుండెను: "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు." ఇచటి 'టు' ఇన్ఫినిటివునకు చెందినది కాదు, విభక్తివంటిది. గురుతుపట్టుట సులభము. దాని వెనుక నొక నామవాచకము నుంచి చూడుడు. "లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి" అనవచ్చును గదా! నామము నిలుచుచోట క్రియ నిలువవలెనన్న 'ఇంగ్' చేర్చుకొనవలెను. కావున "టు హియరింగ్" అనవలెను. "హోప్ టు సంక్రాంతి" అనరాదు. అచట "హోప్ టు హియర్" అనుటయే సరి.

ఆ రెండు వాక్యములను దిద్ది, మనవిని బాలునిచేతనే మరల వ్రాయించి, నాటి తపాలాలోనే పంపితిమి.