పాత ట్రాక్టర్ల ఇంజను శీతలీకరణలో విద్యుత్ నీటి పంపు – ప్రయోజనం ఎంత?

ఉత్తర కోస్తాలో వరి ఎక్కువగా చెరువుల కింద, వర్షాధారంగా సాగవుతుంది. వాన కురిసి మడిలో నీరు నిలిచిన కొద్ది రోజులలోనే దమ్ము పూర్తి కావాలి. ఆ సమయంలో ట్రాక్టరు వేడెక్కి నిలిచిపోతే మడిలో నీరు ఇంకిపోతుంది, నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. సస్యశాస్త్రంలో పనిచేసే నావంటివాడు ఇంజను గురించి వ్రాయడానికి కారణం ఇదే. భీమునిపట్నం ప్రాంతంలో ఒక రైతు నన్ను ఇలా అడిగాడు: "సార్, బ్యాటరీతో తిరిగే నీటి పంపు పెట్టిస్తే ఇంజను వేడి తగ్గుతుందంటున్నారు, పెట్టించమంటారా?" ఆయనది ముప్పై ఐదు అశ్వశక్తుల పాత ట్రాక్టరు. నాడు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

ఈ ఆలోచన పొలంలో పుట్టినది కాదు. విదేశాలలో పందెపు కార్లకు, పాత మోటార్‌హోమ్‌లకు, అనగా వంటగది, పడకలతో ఇల్లులా అమర్చిన పెద్ద బండ్లకు, బెల్టుతో తిరిగే నీటి పంపు స్థానంలో 12 వోల్టుల విద్యుత్ పంపు అమర్చడం చాలా కాలంగా ఉన్నది. బెల్టు పంపు వేగం ఇంజను వేగాన్ని అనుసరిస్తుంది. ఇంజను నెమ్మదిస్తే నీటి ప్రవాహమూ తగ్గుతుంది. బరువైన బండి ఘాట్ రోడ్డు ఎక్కి, వేడి మీద ఆగినపుడు ఇంజనుతో పాటు పంపు కూడా ఆగిపోతుంది. సిలిండర్ హెడ్‌లో మిగిలిన నీరు మరుగుతుంది. విద్యుత్ పంపు ఇంజను ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషాలు నీటిని తిప్పగలదు. శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా అరకుకు వెళ్ళే పాత బండ్లను చూచినవారికి ఈ లాభం సులభంగా అర్థమవుతుంది.

అయితే దమ్ము చేసే ట్రాక్టరు పరిస్థితి దీనికి భిన్నం. నేల మీద అది మెల్లగా కదులుతున్నా, రోటావేటరు కోసం పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరగాలి కనుక ఇంజను దాదాపు నిర్ణీత వేగంలోనే నడుస్తుంది. కనుక బెల్టు పంపు కూడా పూర్తి వేగంలోనే తిరుగుతుంది. తక్కువ వేగంలో ప్రవాహం తగ్గడమనే లోపమే ఇక్కడ లేదు. లోపించేది గాలి. రోడ్డు మీది బండికి ప్రయాణ వేగం వలన ఎదురుగాలి లభిస్తుంది. బురదలో పాకే ట్రాక్టరు రేడియేటరుకు గాలి అందించేది ఫ్యాన్ ఒక్కటే.

దీనిని అంకెలలో చూద్దాం. గంటకు 6 లీటర్ల డీజిలు కాలుతోందని అనుకొందాం. అందులోని శక్తి సుమారు 60 కిలోవాట్లు. స్థూలంగా మూడవ వంతు, అంటే 20 కిలోవాట్లు, శీతలీకరణ నీటిలోనికి చేరుతుంది. నిమిషానికి 60 లీటర్ల నీరు తిరిగితే ఈ వేడిని మోయడానికి నీటి ఉష్ణోగ్రత ఇంజనులో 5 డిగ్రీల సెంటిగ్రేడు లోపే పెరుగుతుంది. రేడియేటరు పైగొట్టానికీ కిందిగొట్టానికీ ఉండే తేడా అంతే. ఇప్పుడు పెద్ద విద్యుత్ పంపు అమర్చి ప్రవాహాన్ని రెట్టింపు చేశామనుకొందాం. తేడా రెండున్నర డిగ్రీలకు తగ్గుతుంది. కానీ రేడియేటరు పారవేయవలసిన వేడి ఆ 20 కిలోవాట్లే కనుక దానిలోని సగటు ఉష్ణోగ్రత ఇంచుమించు అలాగే ఉంటుంది; ఇంజను నుండి వెలుపలికి వచ్చే నీరు చల్లబడేది డిగ్రీ, మహా అయితే రెండు డిగ్రీలు.

గాలి వైపు చూస్తే లెక్క మారిపోతుంది. సెకనుకు ఒక కిలో గాలి రేడియేటరు గుండా పోతే అది 20 డిగ్రీలు వేడెక్కి వెలుపలికి వస్తుంది. గడ్డి నలుసులు, ఎండిన బురద, చెట్ల కింద నిలిపినపుడు రాలిన సరుగుడు ఆకు రేడియేటరు సందులలో పేరుకొని గాలి సగానికి తగ్గితే, అదే వేడికి ఆ గాలి 40 డిగ్రీలు పెరగాలి. రేడియేటరులో గాలి సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరుగుతుంది. నీటి ఉష్ణోగ్రత కూడా కనీసం అంత పెరగక తప్పదు. 90 డిగ్రీల వద్ద నడిచే ఇంజను 100కు చేరడానికి ఇది చాలు. పంపు వలన ఒక డిగ్రీ లాభం, సందులు మూసుకుపోవడం వలన పది డిగ్రీల నష్టం. రైతు డబ్బు ఎక్కడ ఖర్చు కావాలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

తీర ప్రాంతంలో మరొక సమస్య నీటి నాణ్యత. బోరు నీటిని రేడియేటరులో పోయడం మన వద్ద సర్వసాధారణం. అందులోని సున్నపు లవణాలు సిలిండర్ గోడల వెలుపల పొరగా పేరుకుంటాయి. ఈ పొర వేడిని అతి తక్కువగా ప్రసరింపజేస్తుంది. ఒక మిల్లీమీటరు పొర కనీసం పాతిక మిల్లీమీటర్ల పోత ఇనుముతో సమానమైన అడ్డు. ఇక ఉప్పు నీరు పోస్తే పంపు లోపలి రెక్కలు తినివేయబడి ప్రవాహం నిజంగానే తగ్గుతుంది. అటువంటి చోట పంపు మార్చవలసిందే, కానీ అదే రకం కొత్త పంపు చాలు. తుప్పు నిరోధకాలు కలిసిన కూలెంటును శుద్ధజలంతో కలిపి పోయడం రెండు నష్టాలనూ నివారిస్తుంది. రేడియేటరు మూత చిన్నదైనా ఉపేక్షించరాదు. అర కిలో పీడనాన్ని నిలిపే మూత ఉంటే నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరగదు. మూత రబ్బరు చెడితే 100 డిగ్రీలకే పొంగిపోతుంది. థర్మోస్టాట్‌ను తీసివేయడం కొందరు మెకానిక్కుల అలవాటు. ఇంజను తగినంత వేడెక్కకపోతే డీజిలు వాడకం, సిలిండర్ల అరుగుదల రెండూ పెరుగుతాయి. కొన్ని నమూనాలలో థర్మోస్టాట్ లేకపోతే వేడి నీరు రేడియేటరుకు పోకుండా పక్కదారిన మళ్ళీ ఇంజనులోనికే చేరుతుంది.

విద్యుత్ పంపు బెల్టు భారాన్ని తగ్గించి శక్తిని ఆదా చేస్తుందనే వాదన కూడా ఉన్నది. 2000ల దశకంలో బి.ఎం.డబ్ల్యు., 2009లో టయోటా ప్రియస్ తమ కార్లలో విద్యుత్ నీటి పంపును ప్రవేశపెట్టిన మాట నిజమే. ఆ ఇంజన్లు కంప్యూటరు ఆజ్ఞతో అవసరమైనంత నీటినే తిప్పి ఇంధనం మిగుల్చుతాయి. అక్కడ ఉద్దేశం అదనపు చల్లదనం కాదు. మన పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఫ్యాన్ నీటి పంపు ఇరుసుకే బిగించి ఉంటుంది. విద్యుత్ పంపు పెట్టినా ఫ్యాన్ కోసం పాత పంపు గృహం, బేరింగు, బెల్టు అలాగే ఉంచాలి. ఆదా అయ్యేది లోపలి రెక్కల చక్రం వాడే కొద్దిపాటి శక్తి మాత్రమే. దానికి బదులు విద్యుత్ పంపు 5 నుండి 10 ఆంపియర్లు కోరుతుంది. రాత్రి దీపాలు వేసుకొని దమ్ము చేసే పాత డైనమో బండికి అది తక్కువ భారం కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పంపు చెడిపోయే తీరు. బెల్టు పంపు ముందుగా హెచ్చరిస్తుంది: కింది రంధ్రం నుండి నీరు కారుతుంది, బేరింగు శబ్దం చేస్తుంది. బెల్టు తెగితే అనేక నమూనాలలో డైనమో కూడా ఆగి ఛార్జింగు దీపం వెలుగుతుంది. విద్యుత్ పంపు అలా కాదు. ఉప్పుగాలికి తీగ కొన తుప్పుపట్టినా, ఫ్యూజు పోయినా నిశ్శబ్దంగా ఆగుతుంది. ఉష్ణోగ్రత మీటరు పనిచేయని ట్రాక్టరులో ఆ విషయం డ్రైవరుకు తెలిసేసరికి హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది.

ఆగిన ఇంజనులో నీటిని తిప్పే లాభాన్ని మాత్రం ఖర్చు లేకుండానే పొందవచ్చు. బరువు పని ముగిసిన వెంటనే తాళం తీయకుండా మూడు నుండి ఐదు నిమిషాలు ఇంజనును ఖాళీగా తిరగనివ్వాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పొలం గట్టు మీదే చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. ట్రాక్టరు అరగంట దమ్ము చేసిన తరువాత, ఇంజను నడుస్తుండగానే, రేడియేటరు పై రబ్బరు గొట్టం, కింది రబ్బరు గొట్టం ఉష్ణోగ్రతలను పరారుణ థర్మామీటరుతో కొలవాలి. మెరిసే లోహంపై అది తప్పు చూపుతుంది కనుక రబ్బరు మీదే కొలవాలి. అసలు నీటి కంటే రీడింగు కొంత తక్కువ ఉన్నా తేడా చాలావరకు సరిగానే తెలుస్తుంది. ఫ్యాన్‌కు చేయి దూరంగా ఉంచాలి, మూత తెరవరాదు. రెండు గొట్టాలూ విపరీతంగా వేడిగా ఉండి తేడా ఐదారు డిగ్రీలే అయితే నీరు బాగానే తిరుగుతున్నది. లోపం గాలిలో గాని రేడియేటరులో గాని ఉన్నది. తేడా 15 డిగ్రీలు దాటితే ప్రవాహం తక్కువ. బెల్టు జారడం, రెక్కలు అరగడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, గొట్టాలు పూడిపోవడం వరుసగా చూడాలి.

విద్యుత్ పంపును నేను సిఫారసు చేసే సందర్భం ఒక్కటే: తయారీ ఆగిపోయిన నమూనాకు అసలు పంపు ఎక్కడా దొరకనపుడు. అప్పుడు కూడా పాత పంపు ప్రవాహానికి సరిపడే పంపును ఎంచుకోవాలి, డైనమో బదులు ఆల్టర్నేటరు ఉండాలి, నీరు వేడెక్కగానే మ్రోగే బజరు తప్పనిసరిగా అమర్చాలి. నన్ను అడిగిన రైతుకు తరువాత కలిసినపుడు చెప్పినది ఇంతే: ముందు రేడియేటరును ఇంజను వైపు నుండి వెలుపలికి తక్కువ ఒత్తిడి నీటితో కడిగించి, బెల్టు బిగించి, మూత మార్చి చూడండి, పంపు సంగతి ఆ తరువాత.