పగిలిన పట్టపు రాయి

తరగతిలో భారతం చెప్పినప్పుడల్లా నాకు ఐర్లండులోని ఓనీల్ వంశం గుర్తుకు వస్తుంది. అల్‌స్టర్ సీమ నేలిన వంశమది. అక్కడ జ్ఞాతులు కూడి సమర్థుణ్ణి నాయకుడిగా ఎన్నుకోవడం ఆచారం. 1542లో ఎనిమిదవ హెన్రీ, కాన్ ఓనీల్‌కు టైరోన్ ప్రభువు బిరుదమిచ్చి, మాథ్యూను వారసుణ్ణి చేశాడు. మరో కొడుకు షేన్ ఊరుకుంటాడా? మాథ్యూ డండాక్ కమ్మరి బిడ్డ అన్నాడు. 1558లో షేన్ మనుషులు మాథ్యూను చంపారు. 1567లో షేనూ హతుడయ్యాడు.

చివరకు మాథ్యూ కొడుకు హ్యూ గద్దెనెక్కి ఇంగ్లండునే ఎదిరించాడు. 1601లో కిన్‌సేల్ వద్ద ఓడాడు. మరుసటేడు ఆంగ్ల సేనాని మౌంట్‌జాయ్, టల్లీహోగ్‌లో ఓనీల్‌ల పట్టాభిషేక శిలను పగులగొట్టించాడు. 1607లో దేశం విడిచిన హ్యూ, 1616లో రోములో కన్నుమూశాడు.

రాతిని పగులగొట్టింది పరాయివాడే. ఇల్లు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే బీటవారింది!