మూడువేల అయిదువందల మాటలు

మా వంటయింట కందిపప్పు డబ్బాకు ‘లాకానిక్’ అనియు, చక్కెర సీసాకు ‘అబ్‌స్టీమియస్’ అనియు, ఇంగువ డబ్బాకు ‘పంజెంట్’ అనియు వ్రాసిన కాగితపు ముక్కలు కడచిన సంవత్సరము ఆరు నెలలపాటు అంటియుండెను. వీనిలో ఇంగువకు పెట్టిన పేరొక్కటే తగినది. ఘాటైనదని దాని యర్థము. మితభాషి యను మాటకు కందిపప్పుతోను, మితాహారి యను మాటకు చక్కెరతోను ఏమి పొత్తో మే మెరుగము. చోటు చిక్కిన చోట నంటించినదే గాని వేరు కారణము లేదు. ఇది మా ఆడుబిడ్డ కుమార్తె చేసిన పని. కూరలు తరుగుచు, అంట్లు తోముచు, తల దువ్వుకొనుచు దినమునకు నలువది ఆంగ్లపదములు నోటికి పట్టవలెనని ఆమె నియమము.

ఆ పిల్లది తాండూరు దగ్గరి పల్లె. పదవ తరగతి వరకు తెలుగు బడిలో చదివి, పిమ్మట పట్నము వచ్చి ఇంజనీరింగు ముగించినది. అమెరికాలో ఎం.ఎస్. చదువవలెనని కోరిక. తండ్రికి కంది పండు నాలుగెకరముల చేను కలదు. దానిని బ్యాంకులో కుదువబెట్టిన గాని పిల్లను పంపజాలడు. ‘ఈ పరీక్షలో మార్కులు బాగుగ వచ్చిన పంపెదను, రాకున్న మాఘమాసమున చేతికందిన సంబంధము ఖాయము చేసెదను’ అని ఆయన మాట. అది కాఠిన్యమని మే మనము. ఉన్న చేను ఒక్కటే యైనపుడు ఏ తండ్రియైనను అట్లే యనును. పరీక్ష రుసుమే 20,000 రూపాయలకు పైబడి యున్నది. శిక్షణాలయపు రుసుము కొరకు మా ఆడుబిడ్డ చేతిగాజులు రెండు తాకట్టుకు పోయినవి.

మే మున్న శేరిలింగంపల్లి ఇట్టి పిల్లలతో నిండిన యూరు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఈ ప్రక్కనే గచ్చిబౌలి బండరాళ్ళ నడుమ నున్నది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరచినది మొదలు ఈ ప్రాంతపు రూపమే మారినది. అమెరికావారి కాన్సులేటు సయితము బేగంపేటలోని పైగా ప్యాలెసు విడిచి 2023 మార్చిలో మా నానక్‌రామ్‌గూడకే తరలివచ్చినది. ఆ దారిన పోవునపుడు దస్త్రములు చంకనిడుకొని నిలుచున్న తండ్రులను చూచుచుందుము. వీసా కొరకు చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు మ్రొక్కుకొని, కోరిక తీరిన పిదప నూటయెనిమిది తీర్చువారి మాట పాఠకురాండ్రకు క్రొత్త గాదు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచుండిన భారతీయులు 3,31,602 మంది. చైనావారు 2,77,398 మంది. ఎన్నో యేండ్లుగా ముందున్న చైనాను మనవారు ఆ యేడు దాటిరి.

ఇక ఆ పరీక్ష సంగతి. దీనిని జి.ఆర్.ఇ. అందురు. అమెరికాలో 1936లో కార్నెగీ ఫౌండేషను వారును, హార్వర్డు, యేలు, ప్రిన్‌స్టను, కొలంబియా విశ్వవిద్యాలయముల వారును కలిసి పై చదువులకు వచ్చు విద్యార్థుల యోగ్యత నిర్ణయించుటకు దీనిని మొదలిడిరి. తరువాత 1947లో స్థాపితమైన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు చేతిలోనికి వచ్చినది. ఇందు ఒక వ్యాసము, కొంత గణితము, కొంత భాష. మన ఇంజనీరు పిల్లలకు గణితము పెద్ద భయము గాదు. భాషయే గండము. 2023 సెప్టెంబరు నుండి పరీక్షను కుదించిరి గనుక భాషాభాగమున ఇప్పుడు 27 ప్రశ్నలు, వానికి 41 నిమిషములు. ఈ భాగమునకు తక్కువలో తక్కువ 130, ఎక్కువలో ఎక్కువ 170 మార్కులు.

ప్రశ్న యెట్లుండునో మన తెలుగున ఒకటి కల్పించి చూపెదము. ‘ఆ రాజు మితవ్యయి యని పేరు పొందినను, దేవాలయముల విషయమున మాత్రము ——.’ క్రింద ఆరు మాటలు: లోభి, ఉదారుడు, శూరుడు, పిసినారి, వదాన్యుడు, చతురుడు. వీనిలో వాక్యమునకు ఒకే తాత్పర్యము నిచ్చు రెండు మాటలను ఏరవలెను. ఒకటి సరియై ఒకటి తప్పిన మార్కు లేదు. లోభి, పిసినారి యను మాటలు కూడ జంటయే సుమా! ‘మితవ్యయి’ యన్న మాటను చూచి తొందరపడిన పిల్ల ఆ జంటనే పట్టుకొనును. ‘పొందినను’ అనుటలోని ఆ చివరి ‘ను’ను, ‘మాత్రము’ అను మాటను పట్టుకొనిన పిల్ల ఉదారుని, వదాన్యుని ఏరుకొనును. ఇందు కఠినపదము వదాన్యు డొక్కడే. చిక్కంతయు ఆ చిన్న ‘ను’ కారమున నున్నది.

శిక్షణాలయమువారు మా పిల్లకు ఈ ‘ను’కారము సంగతి చెప్పలేదు. 3,500 మాటల పట్టిక చేతికిచ్చి, వారమునకు ఇన్నియని వల్లె వేయుమనిరి. ఈ సంఖ్య వారు పుట్టించినది గాదు. బ్యారన్స్ వారి పుస్తకమున ఇట్టి పట్టిక యుండెడిది, దాని నొక తరము విద్యార్థులు కంఠస్థము చేసిరి. 2011కు పూర్వము పరీక్షలో వ్యతిరేకపదము చెప్పుమను ప్రశ్నలును, ఈ మాటకు ఈ మాట యెట్లో ఆ మాటకు ఏది యను ప్రశ్నలును ఉండెడివి గనుక పట్టిక కొంత పనికివచ్చెడిది. ఆ యేటి ఆగస్టులో వానిని తీసివైచిరి. ఇప్పుడు ప్రతి మాటయు ఏదో యొక వాక్యమున గూర్చుండియే వచ్చును. పరీక్ష మారినను పట్టిక మాత్రము మారలేదు.

వల్లె వేయుటను మేము నిందింపము. మేము బడిమెట్టు త్రొక్కినవారము గాము. మా నాయనగారు ఇంటనే అమరము, రఘువంశము, భారతము చెప్పిరి. ఇంగ్లీషు పెండ్లియైన పిదప మావారి వద్ద నేర్చుకొంటిమి. ఎనిమిదవ యేటనే అమరకోశము అర్థము తెలియకయే నోటికి వచ్చినది, అది నేటికిని తరుగని ధనము. కాని అమరసింహుడే పర్యాయపదములతో ఊరకుండక, మూడవ కాండమున నానార్థవర్గమును గూడ కూర్చెను గదా! హరి యనగా విష్ణువు, సింహము, గుఱ్ఱము, కోతి. ఏ హరియో చెప్పునది నిఘంటువు గాదు, వాక్యము. ‘సైంధవము తెమ్ము’ అని భోజనమువేళ అన్న ఉప్పు, ప్రయాణమువేళ అన్న గుఱ్ఱము. పంక్తిలో గూర్చున్నవానికి గుఱ్ఱమును తెచ్చు సేవకుని కథ మన పెద్దలు చెప్పి నవ్వించెడివారు.

ఇంగ్లీషుననూ సైంధవములకు కొదువ లేదు. ‘చెక్’ అనగా అడ్డగించుట, ‘క్వాలిఫై’ అనగా చెప్పిన మాటకు హద్దు పెట్టుట, ‘ఫ్లాగ్’ అనగా సొమ్మసిల్లుట. ‘శాంక్షన్’ అనగా అనుమతియు నగును, దండనయు నగును. సోదరీమణులు నవ్వకుందురేని ఇంకొకటి చెప్పెదము: ‘హస్బెండ్’ అను మాటను క్రియగా వాడిన పొదుపుగా వాడుకొనుట యని యర్థమట! మా వారితో ఈ మాట చెప్పగా ఆయన జీతపు కవరు వైపు చూచి మిన్నకుండిరి. కఠినపదముల కంటె ఇట్టి ముఖపరిచయమున్న మాటలే పిల్లలను ముంచుచున్నవి. తెలిసినదే గదాయని దాటిపోవుదురు.

మూడు నెలలు గడచినవి. పట్టికలో రెండు వేల మాటలు దాటినవి. ఇంటిలో గూర్చుండి అభ్యాసపరీక్ష వ్రాయగా భాషాభాగమున 141 వచ్చెను. ఆ రాత్రి పిల్ల అన్నము ముట్టలేదు. మరునాడు మేము ఆమెను ఒక పేరా చదివి తాత్పర్యము తెలుగున చెప్పుమంటిమి. ఒక కరవును గూర్చిన పేరా అది. కరవునకు వానలు లేమియే కారణమని పూర్వపు చరిత్రకారు లనిరి. తరువాతి వా డొకడు, వానలు లేమి మాత్రమే గాదు, ధాన్యపు ధరలును కారణమనెను. పిల్ల చదివి, ‘రెండోయన వానలు కారణం కాదంటున్నడు’ అనెను. ‘నాట్’ చూచినది గాని, దాని ప్రక్కనున్న ‘మియర్లీ’ని చూడలేదు. మరల చదువుమంటిమి. చదివి కన్నీరు పెట్టుకొని, ‘మాటలన్నీ తెలుసు అత్తమ్మా, వాక్యమే తెలుస్తలేదు’ అనెను.

ఆ మాట వినగానే మాకు మా నాయనగారి పాఠము జ్ఞప్తికి వచ్చినది. శ్లోకము చేతబట్టిన మొదట ప్రతిపదార్థము, పిదప అన్వయము, పిదప తాత్పర్యము. మొదటిదానినుండి మూడవదానికి గెంతిన ఆయన అంగీకరించెడివారు గారు. కర్త యెవడు, క్రియ యేది, ‘అపి’ ఎవనికి తగులును, ‘తు’ ఎందుకు వచ్చినది, ఈ విశేషణము ఎవనిది—ఇవి తేలిన గాని ముందునకు పోవుట లేదు. శిక్షణాలయమువారు ప్రతిపదార్థము ఇచ్చిరి. పరీక్ష తాత్పర్యము నడుగుచున్నది. నడుమనున్న అన్వయము ఎవరును చెప్పలేదు.

అప్పటినుండి రాత్రి భోజనములైన పిదప దినమున కొక్క పేరా. పత్రికలలోని సంపాదకీయము గాని, మావారి బడి గ్రంథాలయములోని శాస్త్రవ్యాసము గాని. మొదట క్రియను వెదకుట. తరువాత ‘ఆల్దో’, ‘హార్డ్‌లీ’, ‘నెవర్‌దిలెస్’ వంటి అవ్యయముల క్రింద గీత గీయుట. తుదకు పుస్తకము మూసి రెండు వాక్యములలో తెలుగున చెప్పుట. మాకు తెలియని యాంగ్లము ఆమెకు తెలియును, ఆమెకు తెలియని అన్వయము మాకు తెలియును. కొన్నినాళ్ళు ఇరువురము కలిసి తప్పులు చేసితిమి, మావారు దిద్దిరి. క్రొత్త మాటను ఒంటిగా వ్రాసికొనుట మానిపించి, అది దొరకిన వాక్యముతో గూడ వ్రాయించితిమి. మూలములు తెలిసిన మాటలు వాటంతట అవే పోగయినవి. ఒక్క హృధాతువునకు ఉపసర్గలు చేరి ఆహారము, విహారము, సంహారము అయినట్లు, వారి ‘డక్ట్’ ముందు ఉపసర్గలు చేరి ఇండక్ట్, డిడక్ట్, కండక్ట్ అగుచున్నవి. దీనికి ఆ పిల్ల ఎంత సంతోషించెనో!

ఈ పాటు మనకే గాదు. చైనా విద్యార్థులకును ఇదే కథ. 1993లో బీజింగున యూ మిన్‌హాంగ్ స్థాపించిన న్యూ ఓరియంటల్ అను శిక్షణాలయమున వేలకొలది పిల్లలు మందిరములు నిండ గూర్చుండి ఈ పదములే వల్లించిరి; ఆయన కూర్చిన ఎఱ్ఱ అట్ట పదకోశమును ఆ దేశపు విద్యార్థు లెరుగనివారు లేరు. అంతటితో నాగక, పరీక్ష వ్రాసి వచ్చినవారు ప్రశ్నలను జ్ఞాపకముంచుకొని ఇతరులకు తెలుపసాగిరి. దానిచే 2002లో చైనా, తైవాను, దక్షిణ కొరియా ప్రాంతములందు కంప్యూటరు మీది జి.ఆర్.ఇ.ని ఆపి మరల కాగితము మీదకు మార్చవలసివచ్చెను. 1905 వరకు ప్రాచీనగ్రంథములు కంఠస్థము చేసి కొలువులకు పరీక్షలిచ్చిన జాతి అది. వారి జ్ఞాపకశక్తి సామాన్యమా! అయినను, దీర్ఘవాక్యముల చెంత వారును మనవలెనే తడబడుదురు. దానికొక కారణ మున్నది. ‘నిన్న వచ్చిన మనిషి’ అని మనము విశేషణము ముందు చెప్పి మనిషిని వెనుక చెప్పుదుము. చైనా భాషలోను అంతే. ఇంగ్లీషున మనిషి ముందు వచ్చి, వాని సంగతి యంతయు తోకవలె వెనుక వ్రేలాడును. ఆ తోకకు మరియొక తోక. చదువరి తల యెక్కడనో తెలిసికొనునప్పటికి నిమిషము గడచును.

ఒక్కటి చెప్పక తప్పదు. నలుబదియొక్క నిమిషములలో ఒక పిల్ల చదువును తూచగలమా యని మాకు సందేహమే. ఉగ్గుపాలతో ఇంగ్లీషు త్రాగిన పట్నపు పిల్లను, తాండూరు తెలుగుబడి పిల్లను ఒకే త్రాసున వేయుట న్యాయమా? 2020 తరువాత అనేక విశ్వవిద్యాలయములు ఈ మార్కులు తప్పనిసరి గాదని మానివేసినవి. మంచిదే ననుకొంటిమి. కాని మా పిల్ల వేరు విధముగ తలచెను. ‘మా కాలేజీ పేరు అక్కడెవ్వరికి తెల్వదు. ఈ నంబరొక్కటే నా గురించి మాట్లాడుతది’ అనెను. దానికి మా వద్ద జవాబు లేకపోయెను.

కార్తికమాసమున పరీక్ష వ్రాసినది. ముగియగానే తెరమీద అంకెలు కనబడును. భాషలో 153, గణితములో 165. గొప్పవారికి అవి గొప్ప మార్కులు గావు. ఫోనులో తండ్రికి చెప్పగా, ‘మొత్తం నూటడెబ్బైకేనా?’ అని రెండుసార్లు అడిగి, మూడవసారి పొలములోనుండి పక్కవాని కెవనికో చెప్పుచుండుట వినబడెను. ఆ వారమే బ్యాంకుకు పోయి కాగితములు తెచ్చెను. సంబంధమువారికి ఏమి చెప్పెనో మే మడుగలేదు.

అయిదు విశ్వవిద్యాలయములకు దరఖాస్తు పెట్టినది. వానిలో రెండు ఈ మార్కులే అడుగలేదు. దాని కామె కొంత చిన్నబుచ్చుకొన్నది. వచ్చే నెలలో టోఫెల్ పరీక్ష. 1964 నుండి జరుగుచున్న ఆ పరీక్షలో చదువుటతోపాటు వినుట, మాటలాడుట, వ్రాయుట గూడ పరీక్షింతురు. అందుచే ఇప్పుడు మా వంటయింట కాగితములకు బదులు ఉపన్యాసములు మ్రోగుచున్నవి. నిన్న వంకాయలు తరుగుచు తేనెటీగల నాట్యమును గూర్చి పావుగంట వింటిమి. అది ముగిసిన పిదప పిల్ల, ‘తాత్పర్యం నువ్వు చెప్పు అత్తమ్మా’ అనెను. సగము చెప్పగలిగితిమి.