కళ్లు కదిపితే మనసు గాయం మానుతుందా?

ఘోర ప్రమాదమో హింసో చవిచూసినవారిలో కొందరిని ఆ దృశ్యం ఏళ్ల తరబడి వదలదు. అటువంటివారికోసం అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షాపిరో 1989లో ప్రకటించిన చికిత్స ఇ.ఎం.డి.ఆర్. రోగి ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ, అటూ ఇటూ కదిలే చికిత్సకుని వేలిని కళ్లతో అనుసరించాలి. వినడానికి గారడీలా ఉంటుంది!

రోగులకు మేలు జరుగుతోందన్నదానిపై ఇప్పుడు పెద్దగా పేచీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2013లో దీన్ని సిఫారసు చేసింది. పేచీ అంతా కళ్ల దగ్గరే. 2001లో డేవిడ్‌సన్, పార్కర్ అనే పరిశోధకులు పలు అధ్యయనాలు కలిపి చూసి, కళ్లు కదపడంవల్ల అదనపు లాభం కనిపించలేదన్నారు. 2013లో లీ, కైపర్స్ వేసిన లెక్క కొంత లాభం ఉందని తేల్చింది. జ్ఞాపకాన్ని తప్పించుకోకుండా ఎదుర్కోవడమే అసలు మందని విమర్శకులంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. కనుక దాతలు ఈ చికిత్సకు సాయం చేసేటప్పుడు, వేలికి బదులు వాడే దీపాల పరికరానికి కాక, చికిత్సకుల శిక్షణకు డబ్బివ్వడం మేలు.