మతిమరుపు మచ్చలకు రంగుల అద్దకము

దిండి గ్రామమునుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసిరి. వారి తల్లిగారికి 76 ఏండ్లు. తోటలోని ఏ కొబ్బరిచెట్టును ఏ యేట నాటినదియు చెప్పగలిగిన ఆమె, రెండేండ్లుగా వసిష్ఠ గోదావరి ఏటిగట్టునుండి ఇంటికి దారి మరచిపోవుచున్నారట. అన్నము తినియు, పెట్టలేదని కోడలిపై అలుగుచున్నారట. ఇరుగుపొరుగువారు ముసలితనపు చాదస్తమనుచున్నారు. పట్టణములోని వైద్యులు మాత్రము అల్జీమర్స్ వ్యాధి కావచ్చుననియు, దానివలన మెదడులో మచ్చలేర్పడుననియు చెప్పిరట. ‘ఆ మచ్చలను ఎవరు చూచిరి? ఎట్లు చూచిరి?’ అని వారి ప్రశ్న.

వాటిని చూపినవి రంగులు. మరణానంతరము తీసిన మెదడును ఫార్మలిన్‌లో కొన్ని వారములు ఉంచి గట్టిపరచెదరు. చిన్న ముక్కలుగా కోసి, ఆల్కహాలుతో తేమను తొలగించి, మైనములో పొదిగెదరు. పిమ్మట మిల్లీమీటరులో నూరవవంతు, లేక అంతకంటె పలుచని పొరలుగా తరిగి గాజుపలకపై పరచెదరు. ఇంత చేసినను సూక్ష్మదర్శినిలో కనబడునది స్వల్పమే. నీటిలో పడిన గాజుపెంకు వలె, అన్నియు ఒకే తీరుగా ఉండును. కావుననే రంగు అవసరమైనది.

తొలుత వచ్చినది వెండి అద్దకము. జర్మనీ శాస్త్రజ్ఞుడు మాక్స్ బీల్షోవ్‌స్కీ 1902 ప్రాంతమున దీనిని రూపొందించెను. పొరను సిల్వర్ నైట్రేటు ద్రావణములో నానబెట్టి, ఫార్మలిన్ తగిలించినచో, నరతంతువులపై వెండి నల్లని రేణువులై నిలుచును. పూర్వము నలుపు తెలుపు ఛాయాచిత్రములను తయారుచేసిన సూత్రమే ఇది. 1906లో మరణించిన ఆగస్తె అను స్త్రీ మెదడును డాక్టరు అలోయిస్ అల్జీమర్ ఈ విధముగా పరీక్షించెను. నరకణములలో నల్లని చిక్కుముడులు కనబడెను. కణముల వెలుపల చెదరియున్న మచ్చలను కూడ ఆయన గుర్తించెను. వాటినే నేడు ఫలకములనుచున్నారు. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతి వెల్లడించెను.

అయితే వెండి అద్దకము మచ్చ ఉన్నదని చూపునే కాని, అది ఏ పదార్థమో చెప్పదు. ఆ పని చేసినది ఒక బట్టలరంగు. అమలాపురము చెంతనున్న బండారులంక నేతవారికి నూలు అద్దుటలోని కష్టము తెలియును. పెక్కు రంగులు పటిక వంటిది లేనిదే నూలును పట్టవు. 1884లో జర్మనీలో వెలువడిన కాంగో రెడ్ మాత్రము పటిక లేకయే నూలును పట్టెను. 1922లో బెన్‌హోల్డ్ అను వైద్యుడు, అమిలాయిడ్ అను పదార్థమును కూడ ఈ రంగు అట్లే పట్టునని కనుగొనెను. 1927లో బెల్జియము వైద్యుడు పాల్ దివ్రీ దీనిని మెదడులోని ఫలకములకు అద్ది, కాంతితరంగములను ఒకే దిశకు పరిమితము చేయు అమరికగల సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఎర్రని మచ్చలు పచ్చగా మెరసెను. ప్రోటీను పోగులు వరుసగా పేర్చబడియుండగా, రంగు అణువులు వాటి వెంబడి బారులు తీరుటయే ఇందుకు కారణము. 1959లో వాసర్, కల్లింగ్ అనువారు థయోఫ్లావిన్ అను మరియొక రంగును ప్రవేశపెట్టిరి. అతినీలలోహిత కాంతిలో ఇది అమిలాయిడ్‌ను వెలిగించి చూపును.

1984లో గ్లెన్నర్, వాంగ్ అనువారు రోగుల మెదడు రక్తనాళములనుండి ఆ ప్రోటీనును వేరుచేసిరి. దానికి బీటా అమిలాయిడ్ అని పేరు. తాళమునకు దాని చెవియే పట్టునట్లు, ఈ ప్రోటీనునే పట్టు ప్రతిరక్షకములతో అద్దుట నేటి ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది.

ఇవన్నియు మరణానంతర పరీక్షలే. బ్రతికియున్నవారి మాట ఏమి? థయోఫ్లావిన్ అణువునే కొంత మార్చి, రేడియోధార్మిక కార్బన్ తగిలించి, 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో తొలిసారి రోగికి ఎక్కించి, పెట్ స్కాన్‌తో ఫలకములను చూచిరి. ఆ కార్బన్ ప్రతి 20 నిమిషములకు సగమగును. కనుక తరువాత 110 నిమిషములకు సగమగు ఫ్లోరిన్‌తో ఇట్టి మందులు చేసిరి. 2025లో అమెరికాలో ఫలకములను సూచించు రక్తపరీక్షకు కూడ అనుమతి లభించెను.

ఒక హెచ్చరిక. జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న కొందరు వృద్ధుల మెదడులోను ఫలకములుండును. మతిమరుపంతయు అల్జీమర్స్ కాదు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో మతి క్షీణించిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనములో, అల్జీమర్స్ రోగులు 240 మంది. రక్తనాళముల దోషముచే మతి తప్పినవారు 189 మంది. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము వలన కలుగు మరపు చికిత్సకు లొంగవచ్చును.

దిండి శ్రోతకు మా మనవి. తల్లిగారిని నరముల వైద్యునికి చూపి, ముందుగా రక్తపరీక్షలు చేయించుడు. చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటి ఆమె వద్ద ఎల్లప్పుడు ఉండునట్లు చూడుడు. ఆమె అలుకకు కారణము వ్యాధి కావచ్చునని ఇంటిలోని కోడలికి ఎవరైనను చెప్పిరో లేదో మేమెరుగము. ముందుగా ఆమెకు చెప్పుడు.